యమున చెరిపేసిన పగులు

అరసవల్లిలో ఆ మేడ మీద గదిలో యమున ఏం పని చేస్తుందో వీధిలో ఒక్కరికీ అంతుపట్టదు. పొద్దస్తమానం కంప్యూటర్లో రంగురంగుల కొండని అటూ ఇటూ తిప్పుతుంది, దానికి జీతం కూడానట. వాళ్లని అనీ లాభం లేదు. ఆ కొండ నేలకింద రెండు కిలోమీటర్ల లోతున ఉన్న చమురు పొర. ఎవరూ కళ్లతో చూసింది కాదు. ఏడు బావులు తవ్వితే తెలిసిన వివరాలు పెట్టి, మధ్య ఖాళీలను కంప్యూటర్ ఊహతో నింపితే తేలిన బొమ్మ. మౌస్‌తో ఎటైనా తిప్పొచ్చు, కోసి లోపల చూడొచ్చు.

ఆ రోజు పదకొండింటికి చమురు కంపెనీ వాళ్లతో వీడియో మీటింగు. ఎనిమిదో బావి ఎక్కడ తవ్వాలో ఆమె బొమ్మ చూసే తేలుస్తారు. తొమ్మిది నుంచీ యమున కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. కాఫీ కలిపింది, తాగడం మరిచిపోయింది. కిటికీ మూసింది, మళ్లీ తెరిచింది.

"కుదురుగా కూకోవేటే," అన్నాడు తండ్రి లక్ష్ముడు. ముప్పై ఏళ్లు బోరు లారీ మీద పనిచేసిన మనిషి. కంటి డాక్టరుకు చూపించుకుందామని ఆమదాలవలస నుంచి వచ్చాడు.

"మూడో బావికీ అయిదో బావికీ మధ్యన పొర పగిలున్నాదని నా అనుమానం నాన్నా. ముందు బొమ్మలో పెట్టాను. మా పైఆఫీసరు హరిబాబు గారు ఆధారం సాలదన్నారు. తీసేసాను."

"పగులుంటే ఏటవుతాది?"

"మూడో బావి వైపు సమురు ఇప్పటికే తోడేసారు. పగులుంటే అయిదో వైపుది ఇటు రాదు. ఇప్పటి బొమ్మ సూస్తే కొత్త బావి మూడో వైపే పడతాది. కోట్లు పోసి తవ్వి ఖాళీ సూసుకోవాల."

"మరి నీకెందుకొచ్చినాది అనుమానం?"

"మూడో దాంట్లో ఒత్తిడి పడిపోతన్నాది. అయిదో దానికి సీమ కుట్టినట్టయినా లేదు."

"ఒకటి తోడితే పక్కదానికి తెలీలేదంటే మధ్యన అడ్డున్నట్టే గదే. దానికి కంప్యూటరెందుకు?"

యమునకు ఒళ్లు మండింది. ఆయన మీద కాదు, తన మీదే. పదేళ్లుగా యమున బొమ్మంటే నమ్మొచ్చని పేరు. ఇప్పుడు నోరు విప్పితే ఆ పేరు పోతుంది, విప్పకపోతే బావి పోతుంది.

మీటింగులో హరిబాబు బొమ్మను తిప్పి చూపిస్తుంటే అందరూ మురిసిపోయారు. కంపెనీ పెద్దాయన తవ్వాల్సిన చోటుకు గుర్తు కూడా పెట్టించాడు.

"ఒక్క నిమిషమండి," అంది యమున. పాత బొమ్మ తెరిచి, మూడుకీ అయిదుకీ మధ్యన నిలువునా కోసి చూపించింది. పొర మెట్టులా తెగి ఉంది. ఒత్తిడి సంగతి చెప్పింది. హరిబాబు మొహం మాడిపోయింది.

"మాకు పంపిన దాంట్లో ఇది లేదే. ఎవరు తీసేశారు?" అన్నాడు పెద్దాయన.

తెగిన పొరను కంప్యూటరే కలిపేసిందంటే నమ్ముతారు. హరిబాబు గారు తీయమన్నారంటే అది నిజమే. రెండు మాటలూ నాలుక చివరిదాకా వచ్చాయి.

"నేనేనండి," అంది యమున. "అది ఉందని అనిపిస్తున్నా తీసేశాను."