జామకొమ్మకు పాల కవరు

నా చిన్నప్పుడు నాచారంలో మేము అద్దెకున్న ఇంట్లో మూడు పోర్షన్లకూ ఒకటే వాకిలి, ఆ వాకిలికి ఒకటే జామచెట్టు. కాయ కొరికితే లోపల ఎర్రగా ఉండేది. ఆ చెట్టు మీద ఓనర్ తాతకు ఎంత హక్కుందో నాకూ అంతే ఉందని గట్టిగా నమ్మేదాన్ని. బడి నుంచి వచ్చి సంచి గడపలో పడేసి చెట్టెక్కితే, అమ్మ కోప్పడేదాకా దిగేదాన్ని కాదు.

ఒక ఏడాది వానాకాలంలో ఓనర్ తాత కబురు చెప్పాడు. దసరా పోయాక చెట్టు కొట్టించి ఆ జాగాలో రూములు వేస్తాడట. పోచారంలో కంపెనీలు వచ్చాక ఉప్పల్ చుట్టుపక్కలంతా రూములకు మస్తు గిరాకీ ఉందని నాన్నతో అన్నాడు. నాకు కంపెనీల మీదా, రూముల మీదా, తాత మీదా ఒకేసారి కోపం వచ్చింది. ఆ పూట అన్నం మీద అలిగాను. ఎవరూ బతిమాలకపోయేసరికి రాత్రికి రెండింతలు తిన్నాను.

కనీసం గింజలైనా దాచుకుందామని పండ్లు పిసుకుతూ కూర్చుంటే, పక్క పోర్షన్ పెద్దమ్మ చూసింది. ఆమె మాకు చుట్టమేం కాదు. ఆదివారం చర్చి నుంచి వచ్చి బగారా అన్నం వండితే మాకో గిన్నె పంపేది, ఆ గిన్నెలతోనే పెద్దమ్మ అయింది.

"గింజ ఏస్తే దీని బిడ్డ మొలుస్తది గని ఇదే చెట్టు రాదు బిడ్డా. కాయ ఎర్రగుంటదో తెల్లగుంటదో ఎవలికెరుక? నీకు ఇదే గావాల్నా?"

"ఇదే గావాలె," అన్నాను. ఆమె సరేనని తలూపి లోపలికి పోయింది.

మర్నాడు బడి నుంచి వచ్చి చూస్తే, నేను కూర్చునే కొమ్మకు పక్కనున్న రెండు రెమ్మలకు చుట్టూ తోలు ఒలిచి ఉంది. గాజు తొడిగినంత మేర తెల్లటి కట్టె బయటపడింది. చాకు గట్టు మీదే ఉంది, పెద్దమ్మ చాకు. తాతతో కలిసి ఈమె కూడా నా చెట్టును చంపుతోందనుకున్నాను. ఏడుస్తూ వంటింట్లోకి ఉరికి పసుపు డబ్బా తెచ్చాను. నాన్న పాత లుంగీ చింపి, ఆ గాయాలకు పసుపద్ది కట్లు కట్టాను. మోకాలికి దెబ్బ తగిలినప్పుడు అమ్మ నాకు చేసే వైద్యమే నాకు తెలుసు.

పెద్దమ్మ పిసికిన మట్టి బేసిన్‌తో వచ్చి ఆ పసుపు కట్లు చూసింది. బేసిన్ కింద పెట్టి, మెట్ల మీద కూలబడి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

"కట్టు కట్టాలె, నిజమే. గని పసుపు గాదు, మట్టి," అని నా వైద్యం విప్పి కడిగేసింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒలిచిన చోట వేలు పెట్టి చూపించింది. "నీళ్లు ఈ కట్టె లోపల్నుంచి పైకి పోతయ్, మన సంపుల నీళ్లు ట్యాంకికి ఎక్కినట్టు. దాన్ని మనం ముట్టలే. ఆకులు వండిన బువ్వ మాత్రం తోలు పొంటి కిందికి దిగుతది. ఇప్పుడు ఆ తోవ బంద్ జేసినం. బువ్వ ఈడ్నే ఆగుతది. జర తడి మట్టి దొరికితే, ఈడ్నే వేర్లు ఏస్తది."

మట్టి ముద్దలు పెట్టి, వాటి మీద పాల కవర్లు చుట్టి, సుతిలితో బిగించి కట్టింది. నేను మాత్రం పూర్తిగా నమ్మలేదు. రోజూ పళ్లు తోముకుంటూ ఆ రెమ్మల ఆకులు వాడాయేమో చూసేదాన్ని. అవి పచ్చగానే ఉన్నాయి. నీళ్ల తోవను ముట్టలేదన్న మాట నిజమే.

దసరా దగ్గరపడ్డాక ఒక సాయంత్రం పెద్దమ్మ కవరు అంచు కొంచెం జరిపింది. మట్టిలోంచి తెల్లటి వేళ్లు సేమియాలాగా బయటికొచ్చి ఉన్నాయి. నేను వాకిలంతా గంతులేశాను. అంత సంతోషం నాకు పరీక్ష పాసైనప్పుడు కూడా కలగలేదు. కట్టుకు కింద కోసి, ఆ రెండు రెమ్మలనూ పాత పెయింటు బకెట్లలో నాటాం.

చెట్టు కొట్టిన రోజు నేను ఏడవలేదంటే అబద్ధం. విచిత్రమేమంటే ఓనర్ తాత కూడా మొద్దు పక్కన చాలాసేపు ఊరికే నిలబడ్డాడు. పెద్దమ్మ రెండో బకెట్ తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"గిది మన చెట్టేనా?" అన్నాడు తాత.

"మన చెట్టే," అన్నాను నేను, ఆమెకంటే ముందు.

తరువాత ఎన్ని అద్దె ఇళ్లు మారామో. పెళ్లయ్యాక మల్కాజిగిరిలోనూ అద్దె ఇల్లే. జామ బకెట్లో ఎన్నాళ్లో ఉండలేదు, నేల అడుగుతుంది. అందుకని ప్రతి ఇంటి వాకిట్లో నాటాను. ఇల్లు మారినప్పుడల్లా చెట్టును తరువాత వచ్చే వాళ్ల పిల్లలకు వదిలి, వేళ్లొచ్చిన ఒక్క కొమ్మను వెంట తెచ్చుకున్నాను. అన్ని వాకిళ్లలోనూ కాయ లోపల ఎర్రగానే ఉంటుంది.

ఖాళీ చేయాలంటే నెల ముందు చెప్తామంటారు ఓనర్లు. జర ఇంకా ముందు చెప్పండని బతిమాలుకుంటాను. సామాన్లు సర్దడానికి వారం చాలు, కొమ్మకు వేళ్లు రావాలి కదా.