తొలకరికి నీళ్లోసుకునే పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయింది. వరంగల్ దవాఖానలో కొన్నాళ్లుండి, ఇంటికి తెచ్చిన పూటే కన్నుమూసిందని అన్న ఫోన్ చేశాడు. అన్నంటే ఆమె ఒక్కగానొక్క కొడుకు. మడికొండ నుంచి తొర్రూరు దగ్గరున్న వాళ్ల ఊరికి పోతున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాను. శ్రావణ మాసం, బయట ముసురు. ఈ కాలంలో పోయిందా అనుకోగానే ఏడుపులోనే నవ్వొచ్చింది. ఎందుకో చెబుతాను.

పెద్దనాయన దగ్గర కుందేళ్ల వల ఉండేది. ఊళ్లో అంత పొడుగు వల ఇంకొకటి లేదు. వేటకు ఎవరు పోవాలన్నా వాళ్లింటికి వచ్చి దాన్ని అడగాల్సిందే. కుందేలును పట్టడం నేరమని అందరికీ తెలుసు. తెలిసే పోయేవాళ్లు. కానీ ఒక్క కట్టడి మాత్రం ఎవరూ దాటేవాళ్లు కాదు. ఇంట్లో ఆడమనిషి కడుపుతో ఉంటే ఆ ఇంటి మగవాడు అడవి జీవాన్ని చంపొద్దు, ఆ ఇంటి వల గడప దాటొద్దు.

అన్న కడుపులో పడ్డ కొత్తలో, తొలకరి వానలప్పుడు, పెద్దనాయన తెచ్చిన కుందేలును కోస్తే లోపల కండ్లు తెరవని పిల్లలున్నాయట. పెద్దమ్మ కత్తిపీట వదిలేసి, “నాకు నెల తప్పింది, వల లోపట వెట్టు” అంది. అప్పటిదాకా ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. కాన్పయ్యేదాకా వల కదల్లేదు. మరుసటి ఏడు తొలివాన పడగానే మళ్లీ నెల తప్పిందంది. ఆ పై ఏడూ అంతే. దసరా తెల్లారి మాత్రం తనే వల తీసి మగవాళ్లకు ఇచ్చేది. వాళ్లు తెచ్చిన కుందేలును కారంగా వండి, జొన్నరొట్టెతో అందరికంటే ఎక్కువ తినేది కూడా ఆమే.

అబద్ధమని ఊరంతా ఎరుకే. అయినా వల గుంజుకుపోయే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఒకవేళ నిజమైతే? ఆ పాపం ఎవరు నెత్తికెత్తుకుంటారు?

“ఏం వదినె, గీ యేడు గూడ నీళ్లోసుకున్నవా?” అని ఆమె మరిది ఆటపట్టించేవాడు.

“ఔ, ఈపాలి కవలలట” అనేది. వల కోసం ఎవరొచ్చినా నడుం మీద చెయ్యేసుకుని మెల్లగా లేచేది. తల నెరిసింది, పళ్లూడాయి, కడుపు మాత్రం ఏటా నిలిచేది.

నాకు మొదటి నుంచీ ఆరా ఎక్కువ. ఒకసారి అడిగాను. “పెద్దమ్మా, కుందేళ్లు ఏడాది పొడుగునా ఈనుతయట గదా. వానాకాలమే ఎందుకు వద్దంటవ్?”

“ఏడాదంత కడుపుతోనే ఉన్ననంటే ఎవడన్న నమ్ముతడా బిడ్డా?” అంది. “సర్కారు పన్నెండు నెలలు వద్దంటాంది. ఒక్కడన్న ఇన్నడా? నేను నాలుగు నెలలే అడిగిన. ఇన్నరు.”

అన్న పెళ్లయిన ఏడు శ్రావణంలో, వదినెను దింపడానికి ఆమె తల్లిదండ్రులు వచ్చారు. మామగారికి కుందేలంటే ప్రాణమట. అన్న లేచి, “అమ్మా, ఒక్కపాలి వల ఇయ్యే” అన్నాడు. పెద్దమ్మ కొత్త వియ్యాలవారి ముందే నడుం మీద చెయ్యేసుకుంది. “నేను కడుపుతోటి ఉన్న గదా బిడ్డా.” వియ్యపురాలి చేతిలో చాయ్ ఒలికింది. వియ్యంకుడు పెద్దనాయన వంక చూశాడు. పెద్దనాయన ఇంటికప్పు వంక చూశాడు.

“నా ఇజ్జత్ తీసినవ్” అని అన్న దసరా దాకా తల్లితో మాట్లాడలేదు. నేను పోయినప్పుడు ఆమె ముందు కంచంలో అన్నం అలాగే ఉంది.

“వాడు మాట్లాడకపోతే ముద్ద దిగుతలేదు బిడ్డా” అంది.

“మరి ఒక్కనాడు ఇయ్యకపోయినవా?”

“ఒక్కనాడు ఇస్తే, నేను మోసిన కడుపులన్నీ అబద్ధమైతయ్.”

నిరుడు పెద్దనాయన పోయాక వచ్చిన తొలకరికి ఈమె ఏమంటుందోనని ఊరంతా చెవులు రిక్కించింది. వల అడగడానికి వచ్చినవాళ్ల ముందు నడుం మీద చెయ్యేసుకుని, “ఆయన ఇచ్చిపోయిండు, ఏం జేత్తం” అని కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఉత్త మాటతో ఒక మనిషి ఊరి మగవాళ్లను ఆపగలదని ఆమెను చూసే నేర్చుకున్నాను. ఆమెంటే నాకు పంచప్రాణాలు.

మూడో నాడు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి కాకికి పెట్టే రోజు. పొద్దున్నే మరిది కొడుకులు వల కోసం వచ్చారు. “పెద్దమ్మకు కుందేలు కూరంటే పానం. అది లేకుంటే పిట్ట ముట్టదే అన్నా” అన్నారు. వాళ్ల మాటా తప్పు కాదు. వద్దనే మనిషి ఇక లేదు. అన్న ఏం చేస్తాడోనని నేను అతని ముఖమే చూస్తున్నాను.

అన్న లేచి గడపకు అడ్డంగా నిలబడ్డాడు. “ఇంకా దసరా రాలే” అన్నాడు. “అమ్మ కడుపుతోనే పోయింది రా. జర ఆగుర్రి.”

ఎవరూ నవ్వలేదు. నాటుకోడి కూర పెట్టి, పత్తి చేను గట్టున దూరంగా నిలబడ్డాం. తుంపర పడుతోంది, విస్తరి తడుస్తోంది, ఎంతసేపటికీ కాకి రాదు. మరిది కొడుకులు అన్న వంక చూశారు గానీ వల మాట ఎత్తలేదు. అన్న చేతులు కట్టుకుని, కదలకుండా ఆకాశం వంక చూస్తున్నాడు. చివరికి ఒక కాకి వాలింది. కోడి ముక్కను ఇటూ అటూ పొడిచి చూసి, నోట కరుచుకుని, వానలోకి ఎగిరిపోయింది.