ఎదురు చెప్పిన మా ఫిజిక్స్ మేడమ్

మా ఫిజిక్స్ మేడమ్ పోయారు. ఆదివారం పొద్దున ఎమ్మిగనూరులో మా ఇంట్లో దోసెలు పోస్తుండగా, కాలేజీ నాటి స్నేహితురాలు ఆదోని నుంచి ఫోన్ చేసి ఏడవకుండా ఒకే ముక్కలో చెప్పింది. “మేడమ్ పోయినారు. మధ్యాన్నం మట్టి సేస్తారంట. వస్తావా?” పెనం దించేసి ఆదోని బస్సెక్కాను.

మేడమ్ ఇంటి ముందు షామియానా వేసి, అప్పటికే ఒక బ్యానరు కట్టారు. ‘శాంతమూర్తి, ఎవరికీ ఎదురు చెప్పని సౌమ్యురాలు’ అని ఉంది. మేం చదివిన ప్రైవేటు జూనియర్ కాలేజీ యజమాని కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్లందరికీ అదే చెబుతున్నాడు. “శానా సర్దుకుపోయే మనిషప్పా మేడమ్.” నాకు ఒళ్లు మండింది. బతికుండగా ఆమెను వంచలేకపోయినవాళ్లు పోయాక వంచుతున్నారు. అది చాలదన్నట్టు మేడమ్ తమ్ముడు వచ్చి, ఆడవాళ్లు సందు మలుపు దాకే రావాలని, శ్మశానానికి మగవాళ్లే పోతారని చెప్పి వెళ్లాడు. ఆమెకు పిల్లల్లేరు. ఆమె దగ్గర చదువుకున్న మేమే ఆమె పిల్లలం అనుకుని, మా చేతులతో పిడికెడు మట్టి వేయాలని వచ్చాం. వేయనిస్తారో లేదో అప్పటికి తెలియదు. ఆమె ఎలాంటి మనిషో అందుకే రాస్తున్నాను. బ్యానర్లను నమ్మకండి.

ఆమె పాఠం అనగానే నాకు ఒక తీగచుట్ట గుర్తొస్తుంది. చెక్క రీలు మీద రాగితీగ తానే చుట్టుకున్నారు. దానికి కారు బల్బు కలిపి బ్యాటరీ ఇస్తే బల్బు ధగధగా వెలిగింది. అన్నే వోల్టుల ఏసీ ఇచ్చేసరికి మసకబారింది. చుట్ట మధ్యలోకి ఇనుప చువ్వల కట్ట తోయమన్నారు. తోశాం, ఇంకా మసకైంది. “కరెంటును సుట్ట తినేసింది మేడమ్,” అంది నా స్నేహితురాలు. ఆ చుట్ట నిరోధం మేం అంతకుముందే కొలిచాం, చాలా తక్కువ. ఆ లెక్కన బల్బు బాగా వెలగాలి. కాబట్టి మీటరే చెడిపోయిందని నేను తీర్పు చెప్పేశాను.

“మీటరును తిట్టొద్దే,” అన్నారు మేడమ్. “బ్యాటరీ కరెంటు ఒకే తీరుగా పోతాది, దాన్ని సుట్ట పట్టించుకోదు. ఏసీ అట్ల కాదు, ఇటూ అటూ మారతానే ఉంటాది. అది మారినప్పుడల్లా సుట్ట తన అయస్కాంతంతో ఎదురు తిరుగుతాది. ఎంత తొందరగా మారితే అంత గట్టిగా తిరగబడతాది.”

తర్వాత చుట్ట తీసేసి హీటరు తీగ పెట్టారు. బల్బు అంతే మసకగా వెలిగేటట్టు సరిచేసి, కాసేపటికి స్విచ్ ఆపి ముట్టుకొమ్మన్నారు. వేలు చుర్రుమంది. మళ్లీ చుట్ట పెట్టి అంతసేపూ నడిపి, ఆపి ముట్టుకొమ్మంటే ఏదో కాస్త వెచ్చగా ఉందంతే. “తినలేదు సూడు. తీసుకున్నది అయస్కాంతంగా దాసిపెట్టుకోని మళ్లా ఇచ్చేస్తాది. ఎదురు నిలబడేదానికి కాలిపోవాల్సిన పనిలేదే పిల్లా,” అన్నారు నన్ను చూస్తూ. ముక్కు మీద కోపమున్న పిల్లను నేనే కదా మరి.

ఇంకో రోజు ల్యాబులో నేల మీద సుద్దతో పెద్ద సున్నా గీశారు. స్నేహితురాలిని వోల్టేజీ అన్నారు, నన్ను కరెంటు అన్నారు. ఆమెకు పావు చుట్టు వెనక నన్ను నిలబెట్టి ఇద్దరినీ ఒకే వేగంతో నడిపించారు. చుట్ట ఉన్నచోట కరెంటు ఎప్పుడూ అలా వెనకే వస్తుందట. నాకు చిరాకేసింది. “నేనే వెనకనా మేడమ్, ఎప్పుడూ?” అన్నాను. “వెనకొస్తాండావు గాని ఆగిపోలేదు కదా. నడువు,” అన్నారు.

ఆ ల్యాబు మీద యజమాని కన్ను పడింది. అక్కడ కోచింగ్ బెంచీలు వేయించాలనుకున్నాడు. “ప్రాక్టికల్ మార్కులు ఎట్లైనా వస్తాయి మేడమ్. పిల్లోళ్ల టైమెందుకు చెడగొడతారు?” అన్నాడు మా ముందే. “మార్కులు వస్తాయి సార్. చేతికి పని వస్తాదా?” అన్నారు మేడమ్. మర్నాడు ల్యాబుకు తాళం పడింది. ఆమె ముందే చుట్ట, బల్బు, మీటర్లు గోనెసంచిలో వేసి పెట్టుకున్నారు. వరండాలో చాప పరిచి పాఠం మొదలుపెట్టారు. ఆయన వచ్చి అరిచాడు. ఆమె గొంతు పెంచకుండా, చేతికి పని వస్తాదా అన్న ఆ మాటే చెప్పారు. ఇంకోరోజు వచ్చి అరిచినా ఆ మాటే. ఆయన ముఖం హీటరు తీగలా ఎర్రబడింది, ఆమె మాత్రం సుద్దముక్కతో నేల మీద తర్వాతి బొమ్మ గీశారు. కొన్నాళ్లకు బంట్రోతు తాళంచెవి తెచ్చి చాప మీద పెట్టి పోయాడు. సర్దుకుపోయింది ఎవరో మీరే చెప్పండి!

ఎదురు చెప్పడమంటే గొడవపడటం అనుకునేవాళ్లకు ఆమె సౌమ్యంగానే కనిపించి ఉంటారు. నేనిప్పుడు ఎమ్మిగనూరులో సైన్సు టీచర్ని. నా పిల్లల చేతికి తీగ ఇవ్వకుండా కరెంటు పాఠం చెప్పను. ఎవరేమన్నా సరే చెప్పను. అది ఆమె పెట్టిన భిక్ష.

ఆ మధ్యాహ్నం పాడె లేచింది. మగవాళ్లు ముందు, మేం వెనక. సందు మలుపు వచ్చింది. మేం ఆగలేదు. జిన్నింగు మిల్లు గోడ దగ్గర తమ్ముడు వెనక్కొచ్చి చేతులు అడ్డం పెట్టాడు.

“అమ్మా, ఇంగ ఈడ నిలబడండి. మన ఇండ్లల్లో ఆడోళ్లు రారు.”

నోటి దాకా వచ్చిన తిట్టును మింగాను. “మేం వస్తామన్నా,” అన్నాను.

“నలుగురు ఏమనుకుంటారమ్మా?”

“మేం వస్తామన్నా,” అంది నా స్నేహితురాలు.

నా వెనక ఆస్పత్రి నర్సు, ఆమె వెనక పత్తి చేలలో కూలికి పోయే ఆమె, అందరూ ఒకరి తర్వాత ఒకరు అదే అన్నారు. ఒక్కరూ గొంతు పెంచలేదు. ఆయన మా ముఖాలు చూశాడు. కళ్లు తుడుచుకుని శ్మశానం వైపు తిరిగి నడిచాడు. మేమూ నడిచాం.

గుంత దగ్గర మగవాళ్లందరి వంతూ అయ్యేదాకా నిలబడ్డాం. అప్పుడు తమ్ముడే పక్కకు జరిగి చోటిచ్చాడు. ముందురోజు వానకు నల్లరేగడి ముద్దముద్దగా ఉంది. దోసిలి నిండా తీసుకుని వేశాను. ఏడ్చాను కూడా, బాగా ఏడ్చాను.

గేటు పక్కన కుళాయి ఉంది. మగవాళ్లు వరుసగా చేతులు కడుక్కుని పోతున్నారు. మాలో ఒక్కరమూ అటు పోలేదు. ఎమ్మిగనూరు వైపు పోవాల్సినవాళ్లం బస్సులో ముందు సీటు కమ్మీ పట్టుకుని కూర్చున్నాం, నల్లటి చేతులతో, వరుసగా.