పసుపు కింద అక్షరాలు

నందికొట్కూరు నుంచి కర్నూలు పోయే బస్సులో, నా పక్కన కూర్చున్న పెద్దాయన సంచిలోంచి ఖాళీ విత్తనాల ప్యాకెట్ తీశాడు. దాని మీద పెద్ద అక్షరాలతో ‘కరువులోనూ కాసే పత్తి’ అని ఉంది. ఆ మాట రాసింది నేనే. కంపెనీలకు ప్రకటనలు రాయడం నా పని.

“అద్దాలు తేలేదప్పా. ఈ కింద ఏముండాదో రోంత సదివి చెప్పు,” అన్నాడు.

విత్తే ముందు పూజ చేసినట్టున్నారు, ప్యాకెట్ అడుగున పసుపు ఎండి అట్టకట్టింది. గోటితో గీకాను. నేను చిన్న అక్షరాల్లో పెట్టించిన వరుస బయటపడింది. చదివాను.

“మూడు నీటి తడులు తప్పనిసరి.”

ఆయన ప్యాకెట్‌ను నా చేతిలోంచి తీసుకున్నాడు.

“మాది మెట్ట చేను. బోరు లేదు. చెట్లు మోకాలెత్తు రాకుండానే ఎండిపాయ,” అన్నాడు. “కంపెనీవోళ్లు రాసేవుండారు. మా ఆమె పసుపు పూసింది, నేను సూసుకోలేదు. ఆమెకు మాత్రం ఈ సంగతి చెప్పనప్పా. శానా బాధపడతాది.”

ప్యాకెట్‌ను జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుని, తన ఊరు రాగానే దిగిపోయాడు.

ఆ అక్షరాలను దాచింది పసుపు కాదని నేను ఆయనకు చెప్పలేదు.