నెమలి ముక్కున చెనక్కాయ

పొద్దున్నే కాఫీ గ్లాసు తెచ్చి కంప్యూటర్ పక్కన పెట్టడం సుబ్బులమ్మ అలవాటు. మొగుడు మునిశేఖర్ తెర మీంచి చూపు తిప్పకుండానే చేయి చాపి అందుకునేవాడు. ఇప్పుడా కాఫీ ఆమే తాగుతోంది, వంటింట్లో, నిలబడే.

నగరి మగ్గాలకు చీర అంచులు గీసిచ్చేవాడాయన. "నీకు ఆ ఫోల్డర్ల గొడవెందుకుమే? ఈడ నొక్కు. ఈమధ్య తెరిచిన బొమ్మల పేర్లన్నీ వరసగా వస్తాయి" అని ఆమెకు ఒకే దారి నేర్పినాడు. ఆయన పోయినాక రోజూ ఆ దారినే పోయి ఒక్కో అంచూ చూసుకునేది.

మాసికం అయిన మరునాడు మరిది మునిచంద్ర వచ్చి కంప్యూటర్ ముందర కూర్చున్నాడు. అతనికి సొంత పవర్‌లూమ్ ఉండాది. జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి గుచ్చినాడు, పీకినాడు. లేచేసరికి పేర్ల వరస ఖాళీ.

"అన్న గీసిందంతా పోయినట్టుండాది వదినా. మిషన్ పాతదైపోయె."

పేరు లేకుంటే బొమ్మ లేనట్టే అనుకుంది సుబ్బులమ్మ. అన్న పాడె మోసినవాడి మాట, నమ్మకేం చేస్తుంది? మొగుడు రెండోసారి పోయినట్టు గోడవార కూలబడి ఏడ్చింది. మునిచంద్రే పక్కన కూర్చుని నీళ్లు తాపించినాడు.

మొన్న పక్కింటి రూపశ్రీ కొత్త చీర కట్టుకుని చూపించను వచ్చింది. కొంగు సర్దబోయిన సుబ్బులమ్మ చేయి అంచు మీదే ఆగిపోయింది. నెమలి. దాని ముక్కున చెనక్కాయ.

జబ్బు ముదిరిన రోజుల్లో, "నెమలి ముక్కున ఏం పెట్టేది, సెప్పు" అని మునిశేఖర్ అడిగితే, చేటలో చెనక్కాయలు ఒలుస్తా "ఇది పెట్టు పో" అనింది. నిజంగానే పెట్టేసినాడు. "ఇది ఎవరికీ ఇయ్యను. నీ చీరకే" అన్నాడు.

"యాడ కొన్నావే?"

"మునిచంద్ర మామ మగ్గంలోదే అత్తా. కొత్త రకమంట."

జరిగింది విని రూపశ్రీ కంప్యూటర్ తెరిచి వెతికింది. "బొమ్మలు యాడికీ పోలేదత్తా. పేర్ల వరస ఒక్కటే తుడిచేసినారు. సూడు, అన్నీ ఈడే ఉండాయి."

సుబ్బులమ్మ తెర వైపు చూడలేదు. "ఆ సంగతి ఆయప్పకు తెలుసునా?"

"తెలీకుండా ఎట్ట తుడుస్తాడు?"

"అడిగుంటే ఇయ్యనా" అనింది సుబ్బులమ్మ, నేల చూస్తా.

సాయంత్రం మునిచంద్ర వాకిట్లో నూలు సంచి దించినాడు. అతని మగ్గానికి కండెలు చుట్టేది ఆమే.

"పొద్దున్నే మగ్గం ఆడాల వదినా. రాత్రికి చుట్టేసి పెట్టు."

ఆమె గడప దాటి రాలేదు.

"వింటివా?"

"వింటి."

అతని బండి మలుపు తిరిగేదాకా చూసింది. నూలు సంచిని మూతి విప్పకుండానే వాకిట్లో వదిలేసి, లోపలికి పోయి గడియ పెట్టుకుంది.