ఖాలూ కుట్టిన నవల

పోయిన వారం తిరుపతిలోని ఒక కాలేజీ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. పదో తరగతి ఈడు పిల్లల కోసం నవలలు రాసే మా ఆపాకు ఈ ఏడు పెద్ద బహుమతి వచ్చిన సంగతి మీలో కొందరు పేపర్లో చూసే ఉంటారు. ఆ అమ్మాయి ఆమె మీద వ్యాసం రాస్తోందట, ఆమె రాయడం ఎట్లా నేర్చుకున్నారో మీరు దగ్గర నుంచి చూసినవాళ్ళు గదా, నాలుగు మాటలు చెప్పండి అంది. మా పాప చేతిలోని బిస్కెట్ ముక్క ఎక్కడ గొంతులో అడ్డం పడుతుందోనని నా కళ్ళు దాని మీదే ఉండడంతో, చిన్నప్పటి నుంచి బాగా చదివేదమ్మా అని ఏదో చెప్పి ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక గానీ అసలు సంగతి గుర్తుకు రాలేదు. అప్పటి నుంచి పాప పడుకున్నాక, దాని నుదురు ఒకటికి రెండుసార్లు ముట్టి చూసుకుని, ఇది కొంచెం కొంచెంగా రాస్తున్నాను.

ఆపా మా పెద్దమ్మ కూతురు. పెద్దమ్మను మేము ఖాలా అనీ, ఆమె భర్తను ఖాలూ అనీ పిలుస్తాం; ఆపాకు ఆయన అబ్బా, అంటే నాన్న. ఖాలూకు చిత్తూరులో బైండింగు అంగడి ఉండేది. మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, జూన్‌లో బడులు తెరిచిన వారం కొత్త పుస్తకాలన్నీ తాడుతో కట్టి అటువంటి అంగడికి మోసుకుపోయేవాళ్ళం, రెండు రోజుల తర్వాత గళ్ళ కాగితం అంటించిన గట్టి అట్టలతో, మైదా జిగురు వాసనతో తిరిగి వచ్చేవి. ఇంట్లో మేము ఉర్దూ మాట్లాడుకున్నా, అంగడి మెట్టు ఎక్కితే అందరూ తెలుగే మాట్లాడాలని ఖాలూ నియమం పెట్టాడు. ఎదురుగా నిలబడినవాళ్ళకు అర్థం కాని భాష మాట్లాడితే తమ గురించే ఏదో అనుకుంటున్నారని నొచ్చుకుంటారని ఆయన అనేవాడు. అంత బాగా తెలుగు మాట్లాడే ఖాలూకు తెలుగు చదవడం మాత్రం రాదు. ఆయన చదువుకున్నది ఉర్దూ. బడి పుస్తకాలు బొమ్మల అట్టతో ముందే కుట్టి వచ్చేవి కాబట్టి దానివల్ల ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

ఆపా డిగ్రీ రెండో ఏడు చదువుతూ తన మొదటి నవల రాసింది. బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో వాళ్ళమ్మతో పాటు ఎండాకాలమంతా కాయలు కోసే పద్నాలుగేళ్ళ పిల్ల, ఆ పని సంగతి బడిలో ఎవరికీ తెలియకుండా దాచడం దాని కథ. ఆమెకు బడిలో తెలుగు చెప్పిన సార్ అది చదివి, తిరుపతిలో పిల్లల నవలల పోటీ ఒకటి పెడుతున్నారనీ, తానే తీసుకుపోయి ఇస్తాననీ అన్నాడు. ఆపా తెల్ల కాగితాల మీద ఒక పక్కనే, ఎడమ వైపు రెండు వేళ్ళ వెడల్పు వదిలి, కుడి వైపు అంచు దాకా నింపి, మొత్తం తిరగరాసింది. గడువుకు ఇంకా మూడు రోజులున్నాయి. బైండింగు నేనే చేస్తానని ఖాలూ ఆ కట్టను తీసుకున్నాడు.

తర్వాతి రెండు రోజులూ ఆయన వేరే పని ముట్టలేదు. దబ్బనంతో బెజ్జాలు వేసి, నూలు దారానికి మైనం రాసి కుట్టి, మంచి రోజు కోసం దాచిపెట్టిన ఆకుపచ్చ గుడ్డ అట్టకు వేసి, నాలుగు మూలలా బంగారు గీత దించాడు. గడువు చివరి రోజు పొద్దున సార్ అంగడికి వచ్చినప్పుడు ఆపాతో పాటు నేనూ అక్కడే ఉన్నాను, నాకు అప్పుడు పన్నెండేళ్ళు. సార్ పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని ఇటు తిప్పి అటు తిప్పి చూస్తూ ఉండిపోయాడు. బాగలేదా సార్ అని ఖాలూ అడిగాడు.

"చానా బాగుండాదప్పా. అయితే ఇది యా పక్క నుంచి తెరిసేది?"

"ఈ పక్క నుంచే సార్. పెద్ద పుస్తకాలు అట్లే గదా తెరిసేది."

అంటూనే ఆయన మొహం మారిపోయింది. తన తండ్రి దగ్గర నేర్చుకున్న పనిలో ఎంతో గౌరవంగా కట్టే పుస్తకాలన్నీ ఉర్దూవో అరబ్బీవో; వాటికి కుట్టు కుడి వైపు వస్తుంది. కూతురు రాసిన పుస్తకాన్నీ ఆయన చేతులు అదే గౌరవంతో కుడి వైపే కుట్టేశాయి. దాంతో ప్రతి వరుసలోనూ చివరి మాట, సగమో మొత్తమో, కుట్టులోకి పోయింది. ఇప్పుడే విప్పేస్తానని ఖాలూ కత్తి తీసుకుంటే ఆపా ఆయన మణికట్టు పట్టుకుంది.

"జిగురు ఆరిపోయినాది, అక్షరాలు గూడా సినిగిపోతాయబ్బా. ఉండనీ."

మూడు గంటల బస్సుకు పోతాను, అంతలోపల ఏమైనా చేసుకోండి అని చెప్పి సార్ వెళ్ళాడు. మేమిద్దరం అంగడి వెనక చాప మీద కూర్చున్నాం. నేను రెండు చేతులతో పేజీని లాగి పట్టి, లోపల దాగిన మాట తల వంచి చూసి చెప్పాలి, ఆపా దాన్ని వరుస చివర సన్నగా పైన రాయాలి. పది పేజీలకే నా బొటనవేళ్ళు నొప్పి పుట్టాయి. ఒక చోట ‘దాని గుండె దడదడా’ వరకు కనిపిస్తే, లాగి చూడకుండానే కొట్టుకుంది అని చెప్పేశాను.

"ఇది ముందే సదివినావా నువ్వు?"

"లేదాపా. దడదడా అన్నాక గుండె ఇంకేం చేస్తాది?"

ఆపా నవ్వింది. నవ్వి, ఆ వరుస పక్కన ఒక చుక్క పెట్టింది. ఆ తర్వాత నేను చూడకుండా చెప్పగలిగిన ప్రతిచోటా చుక్క పెడుతూ పోయింది, నాకేమో అది ఆట అయిపోయి ఉషారుగా ముందే అరిచి చెప్పడం మొదలుపెట్టాను. నలభయ్యో పేజీ దగ్గర కాబోలు ఆమె వెనక్కి తిప్పి చూసుకుంది. కొన్ని పేజీల నిండా చుక్కలే. పెన్ను మూత పెట్టేసింది. రెండున్నరకు సార్ వస్తే, మీరు పోయి రండి సార్, ఈసారికి నేను పంపను అంది. సార్ బతిమాలాడు, కోప్పడ్డాడు కూడా. ఖాలూ మాత్రం కత్తిని గుడ్డతో తుడుస్తూ ఉండిపోయాడు.

ఆపా ఆ నవలను ఏడాదిన్నర పాటు మళ్ళీ రాసింది. ఇప్పటికీ ఏది రాసినా, ప్రతి వరుస చివరా కాగితం పట్టీతో మూసి, తెలిసిన పిల్లలకు ఇచ్చి చదివిస్తుంది. పిల్లలు సులభంగా చెప్పేసిన మాటను కొట్టేస్తుంది. ఈ అలవాటు ఎక్కడిదని ఆమెను ఎవరూ అడిగినట్టు లేదు.

కానీ తన తప్పు వల్లే కూతురి పోటీ పోయిందని ఖాలూ నమ్మేశాడు. చుక్కల సంగతి ఆపా ఎన్నిసార్లు చెప్పినా, ఊరడించడానికి చెబుతోందనుకున్నాడు. నెల తిరక్కుండానే ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, నా పాత ఒకటో తరగతి వాచకం ఉందా అని అడిగాడు. యాభై ఏళ్ళు దాటిన మనిషి, రోజూ అంగడి మూసి వచ్చి నా పక్కన కూర్చుని తెలుగు అక్షరాలు దిద్దేవాడు. ఒత్తుల దగ్గర నేను కసురుకునేదాన్ని, పన్నెండేళ్ళ పిల్లకు పెద్దవాళ్ళ తప్పులు దిద్దడం కన్నా సంబరం ఏముంటుంది. ఆపా నవల అచ్చయి వచ్చాక దాన్ని ఆయన ఎనిమిది నెలలు చదివాడు, వరుస కింద వేలు పెట్టుకుని, కొన్నాళ్ళు పేజీ, కొన్నాళ్ళు సగం పేజీ. అయిపోయిన రోజు కూతురిని ఒకే ఒక్కటి అడిగాడు.

"ఆ పిల్ల వాళ్ళమ్మకన్నా ఎందుకు సెప్పుకోలేదు, తనకు బడిలో సిగ్గుగా ఉండాదని? వాళ్ళమ్మ ఏమీ అనుండదు గదా."

ఆ ప్రశ్న ఆపా మనసులో చాలా ఏళ్ళు ఉండిపోయి, చివరికి ఒక తల్లీ కూతుళ్ళ నవల అయింది. ఇప్పుడు బహుమతి వచ్చింది దానికే. అది వచ్చేసరికి ఖాలూ లేడు.

ఫోన్ చేసిన అమ్మాయికి చెప్పలేకపోయిన ఈ సంగతంతా తలచుకుని మొన్న ఆపాకే ఫోన్ చేసి, ఇన్నేళ్ళుగా నాలో ఉన్న ప్రశ్న అడిగాను. ఆ రోజు నిజంగా చుక్కల కోసమే ఆగిపోయావా, లేక ఖాలూ కట్టిన పుస్తకానికి ఎవరో వంక పెడతారని ఇవ్వలేకపోయావా అన్నాను.

"నాకే తెలీదే. పంపింటే గెలిసేదాన్నేమో గూడా. కానీ గెలిసుంటే అబ్బా సదవడం నేర్చుకునుండడు."



పాపను వచ్చే జూన్‌లో బడిలో వేయాలి. దరఖాస్తులో రెండో భాష ఏదో రాయమని ఒక గడి ఉంది, తెలుగు రాస్తే పైచదువుల్లో వెనకబడుతుందేమోనని ఒకరూ, హిందీ రాస్తే మేలని ఇంకొకరూ చెబుతుంటే, ఏది రాసినా తర్వాత బాధపడాల్సి వస్తుందేమోనని ఆ గడి అట్లాగే వదిలేశాను. మా ఇంట్లో ఇప్పుడు అందరూ చదువుకున్నవాళ్ళే. ఆపా బహుమతి అందుకుంటున్న ఫోటో పిల్లల నుంచి పెద్దల దాకా అందరి ఫోన్లలోనూ ఉంది. పుస్తకం చదివారా అంటే, తీరిక దొరకాలి గదా అంటారు, నేనూ అందులో సగం దగ్గరే ఆగి ఉన్నాను. ఒక పుస్తకాన్ని ఎనిమిది నెలలు చదివి, చివర్న ఆ పిల్ల గురించి దిగులుపడే మనిషి మాత్రం మా ఇంట్లో ఇప్పుడు లేడు.