గురివింద గింజలో పది ఏనుగులు

ఇన్నేళ్లుగా గొంతులో ముల్లులా ఉన్న మాట ఇది. ఇంట్లో ఎవరితోనూ అనలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీతో అంటున్నాను.

నిజాం రాజ్యం పోయిన కొత్తల్లో, నల్లగొండలో ఉస్తాద్ దగ్గర నేను దంతం చెక్కేవాణ్ణి. అప్పటికే ముప్పై ఏళ్లవాణ్ణి, ఇద్దరు పిల్లల తండ్రిని. ఆయన గురివింద గింజను తొలిచి, అందులో పది దంతపు ఏనుగులు పట్టించేవారు. భూతద్దం పెడితే తొండాలు కూడా కనిపించేవి. ఆయన నియమం ఒక్కటే. మూత తీస్తే ఊపిరి బిగబట్టాలి.

నాకు తెలియదా? బాగా తెలుసు. అయినా ఉస్తాద్ నమాజుకు వెళ్లినప్పుడు, అమ్రాబాద్ నుంచి వచ్చిన బామ్మర్దికి గొప్ప చూపించాలని మూత తీశాను. "గివి ఏనుగులా, పేలా బావా?" అన్నాడు వాడు. ఫక్కున నవ్వాను. మూడు నెలల పని ఎగిరిపోయింది. చాపంతా దేవులాడినా దుమ్మే దొరికింది. వెధవ బుద్ధి ఊరుకుంటుందా? చెక్కగా రాలిన దంతపు పొడిని గింజలో పోసి మూత బిగించాను.

గింజ చేయించుకున్న నవాబుగారు హైదరాబాదు నుంచి వచ్చి, చూసి, ఇందులో పొడి తప్ప ఏమీ లేదన్నారు. ఉస్తాద్ భూతద్దం తీసుకుని చాలాసేపు చూశారు. నన్ను అడగలేదు! అదే నాకిప్పటికీ మంట. ఒక్కసారి నన్ను అనుమానిస్తే ఆయన సొమ్మేం పోయేది?

నవాబుగారు వెళ్లాక ఉస్తాద్ అన్నారు: "నా కండ్లు పోయినయి బేటా. మూడు నెలల సంది పొడి చేసుకుంట, ఏనుగులనుకున్న."

"గట్లెందుకంటరు ఉస్తాద్? జర అలిసిపోయిండ్రు."

"కాదు. సన్న ఉలి నువ్వు తీస్కో. నీ కండ్లు మంచిగున్నయి."

తీసుకున్నాను. అలిసిపోయారట! అంతకంటే మంచి అబద్ధం కూడా దొరకలేదు నాకు.

ఆయన మళ్లీ దంతం ముట్టలేదు. గుమ్మంలో కూర్చుని, ఎదురుగా నిలబడ్డ నన్నే "ఎవలు? నువ్వేనా?" అని అడిగేవారు. ఆయనకు శుభ్రంగా కనిపిస్తూనే ఉండేది, తన చూపు మీద తనకే నమ్మకం లేదు. నిజం చెబితే మళ్లీ చెక్కేవారు కదా? రోజూ నోరు తెరిచేవాణ్ణి, "చాయ్ తాగుతరా?" అని మూసేవాణ్ణి. నాలుగేళ్లు అంతే. తర్వాత ఆయనే లేరు.

గురివింద తన నలుపు తానెరగదంటారు. నేను ఎరుగుదును. ఎరిగి ఏం ఉద్ధరించాను? ఆ ఉలితోనే నా పిల్లలు పెరిగారు.

ఉస్తాద్ కళ్లకు ఏ రోగమూ లేదు. ఈ ఒక్క ముక్క చెప్పడానికి నాకింతకాలం పట్టింది.